రైలు కార్మికుల వకీలు వి.వి. గిరి

మన పాఠ్యపుస్తకాల్లో వరాహగిరి వెంకటగిరి పేరు రాష్ట్రపతుల పట్టికలో నాలుగో వరుసలో కనిపిస్తుంది. పరీక్షకు ఆ ఒక్క ముక్క చాలు కాబట్టి పిల్లలు అంతవరకే బట్టీపట్టి వదిలేస్తారు. వాళ్లనని ఏం లాభం, పుస్తకంలో ఉన్నదే అంత. ఆయన రాష్ట్రపతిగా ఉన్నది అయిదేళ్లు. రైలు కార్మికులకూ రైలు యాజమాన్యానికీ మధ్య మాట కుదర్చడానికి తిరిగింది అంతకు ఎన్నో రెట్లు. ఈ వారం ఆ గిరి గురించి చెప్పుకుందాం.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పట్లో ఆ ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో కలిసింది. అంటే గిరి పుట్టిల్లు ఆయనకు నలభై ఏళ్లు దాటాక వేరే రాష్ట్రంలోకి వెళ్లింది. ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారడమంటే ఏమిటో ఈ పేజీ చదివేవాళ్లలో చాలామందికి తాతల మాటల ద్వారా తెలుసు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. తల్లి సుభద్రమ్మ జాతీయోద్యమంలో పనిచేసి, మద్యపాన నిషేధం కోసం సమ్మె నడిపి అరెస్టయిన మనిషి. ఆ ఇంట్లో పెరిగిన కుర్రవాడు న్యాయశాస్త్రం చదవడానికి 1913లో ఓడెక్కాడు. ఆ రోజుల్లో అలాంటి చదువుకు ఎక్కువమంది లండన్ వెళ్లేవారు. గిరి ఐర్లండ్ రాజధాని డబ్లిన్ వెళ్లారు.

ఆ ఏడాది డబ్లిన్‌లో ఏం జరిగిందో తెలియకపోతే తర్వాతి గిరి మనకు అర్థంకారు. ఆ నగరంలో జనం ట్రాముల్లో తిరిగేవారు. ట్రాములన్నీ ఒకే కంపెనీవి. దాని యజమాని విలియం మార్టిన్ మర్ఫీ. జిమ్ లార్కిన్ అనే నాయకుడు కట్టిన రవాణా కార్మికుల సంఘంలో చేరినవాళ్లకు తన కంపెనీలో పని లేదన్నాడు మర్ఫీ. 1913 ఆగస్టు 26 ఉదయం, నగరమంతా గుర్రాల ప్రదర్శన సందడిలో ఉండగా, డ్రైవర్లు, కండక్టర్లు ట్రాములను నడివీధిలో ఎక్కడివక్కడ ఆపి దిగిపోయారు. దానికి జవాబుగా మర్ఫీ వెనుక వందలమంది యజమానులు నిలబడ్డారు. సంఘాన్ని వదులుకుంటామని సంతకం పెట్టినవాళ్లకే గేటు తెరిచారు. దాదాపు 20,000 మంది పని పోగొట్టుకుని వీధిన పడ్డారు. చలికాలం వచ్చింది, ఇళ్లలో పొయ్యి వెలగలేదు. కొత్త సంవత్సరం వచ్చాక ఆకలికి తాళలేక ఒక్కొక్కరే తలవంచుకుని వెనక్కి వెళ్లారు.

గెలిచింది మర్ఫీ. కానీ ఆ నెలల్లో ఒక్కసారి కూడా రెండు పక్షాలవారూ తమంతట తాము ఒకచోట కూర్చుని తెగేదాకా మాట్లాడుకోలేదు. సంఘమనేదే ఉండకూడదని ఒకరు, అది లేకుండా బతకలేమని ఇంకొకరు పట్టుబట్టినచోట మాట ఎలా సాగుతుంది? పంతొమ్మిదేళ్ల తెలుగు విద్యార్థి ఆ నగరంలో చదువు మొదలుపెట్టింది అలాంటి రోజుల్లో. లార్కిన్ తర్వాత సంఘాన్ని నడిపిన జేమ్స్ కానలీ ప్రభావం గిరి మీద బలంగా పడింది. 1916 ఈస్టర్ తిరుగుబాటులో బ్రిటిష్ సైన్యం కానలీని కాల్చిచంపింది. గిరి చదివిన కళాశాలలో ఇంగ్లీషు బోధించిన థామస్ మెక్‌డోనాకూ అదే శిక్ష పడింది. ఐరిష్ ఉద్యమకారులతో స్నేహం చేసిన ఈ భారతీయ విద్యార్థిని దేశం విడిచి పొమ్మన్నారు. 1916లో ఆయన ఇంటికి తిరిగివచ్చారు. అప్పటికి వయసు ఇరవై రెండు.

మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేయించుకుని వకీలు వృత్తి మొదలుపెట్టారు. అది ఎన్నాళ్లో సాగలేదు. గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునివ్వగానే నల్లకోటు విప్పేశారు. 1922లో సారా దుకాణాల ముందు పికెటింగ్ చేసి మొదటిసారి జైలుకు వెళ్లారు. ఆ తర్వాత ఆయన దృష్టి రైళ్ల మీదికి మళ్లింది.

బరంపురం మీదుగా వెళ్లే కోస్తా రైలు మార్గం అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే అనే కంపెనీ చేతిలో ఉండేది. జనం నోట అది బి.ఎన్.ఆర్. ఇటు వాల్తేరు, అటు హౌరా, పడమట నాగపూర్ దాకా దాని పట్టాలు పరుచుకున్నాయి. ఇంజన్లు, పెట్టెలు బాగుచేసే పెద్ద కార్ఖానా ఖరగ్‌పూర్‌లో ఉంది. గంజాం, విశాఖ జిల్లాల నుంచి ఎందరో తెలుగువాళ్లు అక్కడికి పనికి పోయారు. వాళ్ల మనవలు, ముని మనవలు ఈనాటికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు మాట్లాడుతూనే ఉన్నారు. ఆ కంపెనీ కార్మికుల సంఘాన్ని గిరి నడిపారు. దేశంలోని రైల్వే సంఘాలన్నిటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చిన అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య 1920ల నడుమ ఏర్పడినప్పుడు ఎన్.ఎం. జోషి వంటివారితో పాటు గిరి కూడా దాని స్థాపకుల్లో ఒకరు. పదేళ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు.

1927లో బి.ఎన్.ఆర్. కంపెనీ ఖరగ్‌పూర్ కార్ఖానాలో మనుషులు ఎక్కువయ్యారంటూ తొలగింపులకు దిగింది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. కార్ఖానాలో ఫిట్టరో, బాయిలరు పనివాడో పుట్టుకతో తయారవడు. పదిహేను, పదహారేళ్లకే చేరి, పెద్ద మేస్త్రీ చేతికింద సుత్తి అందిస్తూ, చీవాట్లు తింటూ, చెవితోనే ఇనుము లోపం పట్టుకునేదాకా ఏళ్లు పడుతుంది. ఆ చదువుకు సర్టిఫికెట్ లేదు. అలాంటివాణ్ణి లెక్కల పుస్తకంలో ఒక గీత కొట్టి పంపించేస్తే అతని కుటుంబం ఒక్కటే కాదు, కంపెనీ కూడా అన్నేళ్ల చదువును బయట పారేసుకుంటుంది. మళ్లీ పని పెరిగినప్పుడు కొత్తవాణ్ణి మొదటినుంచీ తయారుచేసుకోవాలి. యాజమాన్యాలు ఈ లెక్క ఎందుకు వెయ్యవో నాకు ఎప్పుడూ అర్థంకాదు.

1927, 28 సంవత్సరాల్లో ఈ తొలగింపుల మీద సాగిన పోరాటాన్ని గిరి శాంతియుతంగా నడిపారు. రాయి పడకూడదు, పట్టా కదలకూడదు, కానీ పని మాత్రం ఆగాలి. డబ్లిన్‌లో జనం ఆకలితో ఓడిపోవడం విన్నవాడు, చూసినవాడు కాబట్టి సమ్మె చేయించడం కన్నా దాన్ని సకాలంలో ఒప్పందం దాకా తేవడం కష్టమని ఆయనకు తెలుసు. కంపెనీ, దాని వెనుక ఉన్న ప్రభుత్వం చివరికి దిగివచ్చి కార్మికుల కోరికలకు తలొగ్గాల్సి వచ్చింది. మన దేశ కార్మికోద్యమ చరిత్రలో అదొక మైలురాయి అంటారు. 1927లోనే జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా గిరి వెళ్లారు.

1929లో నాగపూర్‌లో కార్మిక సంఘాల మహాసభ రెండుగా చీలింది. మన దేశంలో కార్మికుల స్థితిగతులు పరిశీలించడానికి బ్రిటిష్ ప్రభుత్వం విట్లీ అనే ఆయన అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. దానితో మాట్లాడాలా, బహిష్కరించాలా అన్నది గొడవకు ఒక ప్రధాన కారణం. బహిష్కరించాలన్నవాళ్లది ఎక్కువ సంఖ్య. జోషి, గిరి వంటివాళ్లు బయటికి వచ్చి వేరే సమాఖ్య పెట్టుకున్నారు. తెల్లవాడి కమిషన్‌తో మాటలేమిటని వాళ్లను మెత్తవాళ్లుగా జమకట్టినవారున్నారు. అలా అన్నవారి దేశభక్తిని శంకించలేం. అయితే ఆ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో ఒక పనికొచ్చే మాట ఉంది. ప్రతి కార్ఖానాలోనూ యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు కలిసి కూర్చునే కమిటీలు ఉండాలని అది సూచించింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది అమల్లోకి వచ్చిన పారిశ్రామిక వివాదాల చట్టంలో ఆ కమిటీలకు చోటు దొరికింది. వందమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసేచోట ప్రభుత్వం కోరితే కమిటీ పెట్టాలి, అందులో కార్మికుల సంఖ్య యాజమాన్యం సంఖ్య కన్నా తక్కువ ఉండకూడదు.

తర్వాతి సంగతులు వేగంగా చెప్పేస్తాను. 1931లో లండన్ రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల తరఫున వెళ్లారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించారు. ఆ రాజావారు అప్పటిదాకా మద్రాసు రాష్ట్ర ప్రధానిగా చేసినవారు! రాజాజీ మంత్రివర్గంలో గిరికి కార్మిక, పరిశ్రమల శాఖ ఇచ్చారు. క్విట్ ఇండియా రోజుల్లో జైలు, బయటికొచ్చాక ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం, ఆపైన సిలోనులో భారత హైకమిషనర్ పదవి. 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికల్లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూ మంత్రివర్గంలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

అక్కడ ఆయన పెట్టిన వాదనకు గిరి మార్గం అనే పేరే స్థిరపడింది. అప్పటి పద్ధతి ఏమిటంటే, యాజమాన్యానికీ కార్మికులకూ తగువు వస్తే ప్రభుత్వం దాన్ని ట్రిబ్యునల్‌కు పంపుతుంది. ట్రిబ్యునల్ తీర్పు ఇద్దరూ ఒప్పుకుని తీరాలి. చూడడానికి బాగానే ఉంటుంది. కానీ పొలం గట్టు తగాదాలో కోర్టుకెక్కినవాళ్ల గతి మనకు తెలిసిందే. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. ఒకడు గెలిచి ఒకడు ఓడాక మర్నాడు పొద్దున్నే ఆ ఇద్దరూ మళ్లీ ఒకే కార్ఖానాలో కలిసి పనిచెయ్యాలి. పైగా ఎలాగూ తీర్పు పైనుంచి వస్తుందని తెలిసినప్పుడు ఇద్దరూ మాట్లాడుకోవడమే మానేస్తారు. బలమైన సంఘం, దాన్ని గుర్తించే యాజమాన్యం ఎదురెదురుగా కూర్చుని తమ తగువు తామే తేల్చుకోవాలని, ప్రభుత్వం మధ్యవర్తిగా దగ్గర ఉండాలే తప్ప న్యాయమూర్తి కుర్చీ ఎక్కకూడదని గిరి వాదించారు.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. నాలుగు డబ్బులు లేని చిన్న సంఘం పెద్ద మిల్లు యజమాని ముందు కూర్చుని ఏం బేరమాడుతుంది? ట్రిబ్యునల్ తీర్పు పోతే వాళ్లకు దిక్కెవరు? ఈ భయం చాలామందిలో ఉండబట్టే గిరి మార్గం చట్టంగా మారలేదు. ఇంకో విచిత్రం చూడండి. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చింది. తీర్పుల పద్ధతే వద్దన్న మంత్రి, తీర్పును పాలకులు తిరగరాయడం తగదని పదవికి రాజీనామా ఇచ్చేశారు. ఆయన మాటకూ చేతకూ పొంతన లేదని కొందరికి అనిపించవచ్చు. నాకైతే అలా తోచదు. రెండు సందర్భాల్లోనూ ఆయనకు నచ్చనిది ఒక్కటే: పైనున్నవాడు తన ఇష్టప్రకారం తేల్చెయ్యడం.

ఎదురెదురుగా కూర్చోవడానికి బల్ల, రెండు కుర్చీలు చాలవు. ఇటు కూర్చున్నవాడికి కంపెనీ జమాఖర్చులు చదవడం రావాలి, చట్టం తెలియాలి. అటు కూర్చున్న అధికారికి కార్ఖానాలో పని ఎలా జరుగుతుందో తెలియాలి. అంటే ఇద్దరికీ చదువు కావాలి. ఒక ఉపాధ్యాయుడిగా ఈ కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్న భాగం ఇదే. గిరి మంత్రి పదవి వదిలిన నాలుగేళ్లకు, 1958లో, కేంద్ర కార్మిక విద్యా బోర్డు ఏర్పడింది. దాని ముఖ్య కార్యాలయం నాగపూర్‌లో పెట్టారు. బోర్డులో ప్రభుత్వం, యాజమాన్యాలు, సంఘాలు మూడూ ఉంటాయి. అక్కడి బోధన పద్ధతి చూడండి. ముందు విద్యాధికారులను తయారుచేస్తారు. వాళ్లు కార్మికుల్లోంచి వచ్చిన కొందరికి నేర్పుతారు. ఆ కొందరిని ఎంచి పంపేది సంఘం, పనిలోంచి సెలవిచ్చి వదిలేది యాజమాన్యం. శిక్షణ ముగిశాక వాళ్లు తమ కార్ఖానాకే తిరిగివచ్చి తోటివాళ్లకు పాఠం చెబుతారు. వాళ్లకు కార్మిక ఉపాధ్యాయులని పేరు. నిన్నటిదాకా పక్కన స్పానరు పట్టుకున్నవాడే ఇవాళ బోర్డు ముందు నిలబడి చెబితే వినేవాడికి బెదురుండదు, అడగడానికి సిగ్గుండదు.

రైల్వేలో దీని అవసరం మరీ ఎక్కువ. బొగ్గు ఇంజన్లు పోయి డీజిల్, కరెంటు ఇంజన్లు వస్తున్న కాలమది. పాతికేళ్లు పొయ్యిలో బొగ్గు వేసిన ఫైర్‌మన్‌కు కొత్త ఇంజన్‌లో చేతికి పనే ఉండదు. అతన్ని శిక్షణకు పంపాలా, ఇంటికి పంపాలా? శిక్షణలో ఉన్నన్నాళ్లు జీతమెంత? తిరిగివచ్చాక ఏ ఉద్యోగం, ఏ ఊళ్లో? ఒక్క ఉత్తర్వుతో తేలే ప్రశ్నలు కావివి. 1952 మొదట్లో, గిరి కేంద్ర మంత్రి కావడానికి కొద్ది నెలల ముందే, రైల్వేలో శాశ్వత సంప్రదింపుల ఏర్పాటు ఒకటి మొదలైంది. కింద జోన్లలో, పైన రైల్వే బోర్డు దగ్గర, గుర్తింపు ఉన్న సంఘాలు, అధికారులు నిర్ణీత కాలానికి ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి. అక్కడా తెగకపోతేనే ట్రిబ్యునల్. గిరి కోరినదానికి దగ్గరి రూపం దేశంలో ఎక్కడైనా ఉందంటే అది ఆయన సొంత రైల్వేలోనే.

1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. ఆ ఏడే ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా వెళ్లారు, తర్వాత కేరళ, ఆపైన 1965 నుంచి 67 దాకా మైసూరు. అదే నేటి కర్ణాటక. 1967లో ఉపరాష్ట్రపతి. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గాని తేలని పోటీలో రాష్ట్రపతిగా గెలిచారు. ఈ కథ మీ సాంఘికశాస్త్రం సార్లు రసవత్తరంగా చెబుతారు, నేను వాళ్లకే వదిలేస్తాను.

పదవీకాలం చివరి ఏడాది మాత్రం వదలకూడదు. 1974 మే 8న దేశమంతటా రైళ్లు ఆగాయి. దాదాపు 17 లక్షలమంది పనిలోకి వెళ్లలేదు. ఎనిమిది గంటల పనిదినం, బోనస్, ఇతర ప్రభుత్వ సంస్థల కార్మికులతో సమానమైన జీతం వాళ్ల ముఖ్యమైన కోరికలు. సమ్మెకు ముందు నిలిచింది అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య. యాభై ఏళ్ల కిందట గిరి చెయ్యి వేసి నిలబెట్టిన సంఘమే. దాని అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్‌ను సమ్మె మొదలుకాకముందే, చర్చలు నడుస్తుండగానే, అరెస్టు చేశారు. ఆ తర్వాత వేలమంది జైలుపాలయ్యారు. ఉద్యోగాలు పోయాయి. రైల్వే క్వార్టర్ల నుంచి ఆడవాళ్లను, పిల్లలను సామాన్లతో సహా బయటికి నెట్టిన చోట్లు ఉన్నాయి.

రాష్ట్రపతి భవన్‌లో కూర్చున్నది ఖరగ్‌పూర్ కార్మికుల తరఫున కంపెనీతో తలపడిన మనిషి. సమ్మె మీద ఉక్కుపాదం మోపితే పరిస్థితి ఇంకా చెడుతుందని ఆయన ప్రభుత్వాన్ని హెచ్చరించారు. ఆ మాట చెల్లలేదు. మన రాజ్యాంగంలో రాష్ట్రపతి సలహా చెప్పగలరు, హెచ్చరించగలరు. ఆపైన మంత్రివర్గం చెప్పినట్టే నడవాలి. 1954లో రాజీనామా పారేసి వచ్చినవాడు ఈసారి ఎందుకు అలా చెయ్యలేదని అడగడానికి మనకు హక్కుంది. పదవి పూర్తయ్యేందుకు మూడు నెలలే ఉందని, రాష్ట్రపతి కుర్చీ మంత్రి కుర్చీ లాంటిది కాదని సమాధానం చెప్పవచ్చు. ఆ సమాధానంతో నేను పూర్తిగా తృప్తిపడలేను. ఇరవై రోజుల తర్వాత, మే 27న, కోరినవేవీ దక్కకుండానే సమ్మె విరమించారు. డబ్లిన్ ట్రాము కార్మికుల్లాగే.

సమ్మె ముగిసిన రెండు నెలల్లో, ఆ జూలైలోనే, కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్మిక సంస్థ అనే పేరుతో ఒక శిక్షణ, పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. సంఘ నాయకులకు, యాజమాన్య అధికారులకు, కార్మిక శాఖ ఉద్యోగులకు అది తరగతులు నడుపుతుంది. ఇప్పుడు నోయిడాలో ఉంది. 1995లో దానికి గిరి పేరు పెట్టారు.

1974 ఆగస్టు 24న ఆయన రాష్ట్రపతి పదవి దిగారు. మరుసటి ఏడాది భారతరత్న వచ్చింది. 1977లో కేంద్రంలో ప్రభుత్వం మారాక కొత్త రైల్వే మంత్రి మధు దండావతే, 1974 సమ్మెలో ఉద్యోగాలు పోయినవాళ్లను తిరిగి పనిలోకి తీసుకోమని ఆదేశించారు. 1980 జూన్ 24న మద్రాసులో గిరి కన్నుమూసేనాటికి వాళ్లు మళ్లీ రైళ్ల మీద, కార్ఖానాల్లో పనిచేస్తున్నారు.